ఈథ్0 ఎక్కడికి పోయింది?

పాత లినక్స్ పెట్టెలో నెట్‌వర్క్ రాకపోతే అందరూ ముందు కార్డునే అనుమానిస్తారు. పాపం, చాలాసార్లు దాని తప్పేం ఉండదు.

మిర్యాలగూడలో మా మామయ్యది రైస్‌మిల్లు. వడ్ల లెక్కలన్నీ ఒక పెంటియం 4 లో, డెబియన్ 7 (2013 నాటిది) మీద ఉంటాయి. కాటా దగ్గరి కంప్యూటరూ, ఆఫీసుదీ రెండూ దాంట్లోకే రాస్తాయి. సరిగ్గా యాసంగి కోతలప్పుడు పిడుగు పడి దాని లాన్ పోర్టు మాడిపోయింది. రియల్‌టెక్ 8139 పీసీఐ కార్డు పెట్టినా నెట్‌వర్క్ రాలేదు. బయట లారీలు బారులు తీరాయి. రిపేరు షాపతను "ఇది ఖరాబైంది, కొత్తది కొనుండ్రి" అనేశాట్ట. "కొత్తది కొంట బిడ్డా, మరి లెక్కలెట్ల?" అన్నాడు మామయ్య.

ఎల్ఎస్‌పీసీఐలో కార్డు కనబడుతోంది. 8139టూ డ్రైవరూ లోడయ్యింది. తీరా చూస్తే దాని పేరు ఈథ్1! అప్పటి యూడెవ్, చూసిన ప్రతి కార్డు మ్యాక్ అడ్రసునీ 70-పర్సిస్టెంట్-నెట్ రూల్స్ ఫైల్లో రాసిపెట్టుకునేది. మాడిపోయిన పోర్టుకి ఈథ్0 పేరు అలాగే ఉండిపోయింది. ఐపీ సెట్టింగులేమో ఈథ్0 కే ఉన్నాయి. పాత లైను పీకేసి, కొత్తదాన్ని ఈథ్0 చేసి రీబూట్ కొట్టా. అంతే, కాటా కదిలింది.

డెబియన్ 7 కి అధికారిక సెక్యూరిటీ అప్‌డేట్లు 2018 లోనే ఆగిపోయాయి కాబట్టి దాన్ని ఇంటర్నెట్‌కి మాత్రం కలపనివ్వలేదు. లెక్కలకి రోజూ బ్యాకప్ పెట్టా.

1990 ల నాటి చిప్పుకి కూడా డ్రైవర్ విడిగా వెతుక్కోనక్కర్లేకుండా కెర్నెల్‌తోనే వస్తోందంటే, సోర్సు అందరి చేతుల్లో ఉండబట్టే. ఎవరైనా "ఖరాబైంది" అంటే పెట్టె పారెయ్యకండి. ఏది ఖరాబైందో చూపించమనండి.