పాలమూరు నీళ్లకు మూడు స్లైడర్లు

ఇక్కడ షార్లెట్‌లో మా ఆఫీసు పెద్దలకు రిపోర్టులో ఒక్క అంకె చూపిస్తే సరిపోదు. ‘ధర ఐదు శాతం పెంచితే ఎంత? ఎనిమిదైతే?’ అని అడుగుతారు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ చేస్తూ కూర్చుంటే తెల్లారుతుంది. ఆ బాధ తప్పించేదే పవర్ బీఐలోని న్యూమరిక్ రేంజ్ పారామీటర్. 2017లో వచ్చినప్పుడు దాన్ని వాట్-ఇఫ్ అనేవాళ్లు. నాకు జీతం తెచ్చిపెట్టేవాటిలో అదీ ఒకటి. కానీ మనసుపెట్టి వాడింది మాత్రం పాలమూరు నీళ్ల కోసం.

మాది దేవరకద్ర దగ్గర పల్లె. చిన్నాయన ఫోన్లో ముందు వాన సంగతి, ఆ తర్వాత పల్లికాయ ధర, చివరికి పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలు. “పన్నెండు లక్షల ఎకరాలంటున్రు. కంప్యూటర్ల లెక్కలు జేస్తవ్ గద, జెర చూసి చెప్పు, అయితదా కాదా?”

ఔననో కాదనో తేల్చే ప్రశ్న కాదది. ఆ పథకం మొదలైనప్పటి నుంచీ అంకెలు మారుతూనే ఉన్నాయి. 2013లో సర్వేకు ఉత్తర్వులిచ్చినప్పుడు జూరాల నుంచి 35 రోజుల్లో 70 టీఎంసీలు అన్నారు. రాష్ట్రం వచ్చాక 2015లో శ్రీశైలం వెనుక జలాలకు మార్చి 60 రోజుల్లో 90 అన్నారు. ఆపైన రోజుకు 2 చొప్పున 120 అన్నారు. ఆయకట్టు 12.30 లక్షల ఎకరాలు. ఇన్ని మాటల వెనక ఉన్నవి మూడే అంకెలు: రోజుకు ఎన్ని టీఎంసీలు, ఎన్ని రోజులు, టీఎంసీకి ఎన్ని ఎకరాలు.

అంటే మూడు పారామీటర్లు. మోడలింగ్ ట్యాబ్‌లో న్యూ పారామీటర్ నొక్కి న్యూమరిక్ రేంజ్ ఎంచుకుంటే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. పేరు, కనిష్ఠం, గరిష్ఠం, ఎంతెంత చొప్పున పెరగాలి, డిఫాల్ట్ ఎంత, ఇవి నింపాలి. ఓకే నొక్కగానే అదే జనరేట్‌సిరీస్‌తో ఒక టేబుల్, సెలెక్టెడ్‌వాల్యూతో ఒక మెజర్ రాసిపెడుతుంది, అడిగితే పేజీ మీద స్లైడర్ కూడా పెడుతుంది. మూడు మెజర్లనూ గుణించి ఇంకో మెజర్ రాస్తే ఎకరాలు వచ్చేస్తాయి. ఆ గుణకారాన్ని క్యాలిక్యులేటెడ్ కాలమ్‌లో పెడితే మాత్రం స్లైడర్ ఎంత జరిపినా అంకె కదలదు. కాలమ్ విలువలు డేటా రిఫ్రెష్ అయినప్పుడే లెక్కకట్టి ఉంటాయి మరి. మెజర్ అలా కాదు, చెయ్యి కదిపినప్పుడల్లా కొత్తగా లెక్కేస్తుంది.

ఇంకో మెలిక. మా దగ్గర పంపుల సంగతి క్యూసెక్కుల్లో మాట్లాడేవాళ్లూ ఉన్నారు. ఒక టీఎంసీ రోజంతా పారాలంటే 11,574 క్యూసెక్కులు. సున్నా నుంచి 24,000 దాకా ఒక్కొక్క క్యూసెక్కు చొప్పున పెడదామంటే కుదరదు. పారామీటర్‌లో వెయ్యికి మించి విలువలుంటే పవర్ బీఐ మధ్యమధ్యలో సమదూరంగా కొన్ని ఏరుకుని మిగతావి వదిలేస్తుంది. వంద చొప్పున పెడితే 241 విలువలే, చాలు.

రోజుకు 2, 60 రోజులు, టీఎంసీకి పది వేల ఎకరాల వాడుక లెక్క పెడితే, తాగునీరు తీయకుండానే, 12 లక్షలు వచ్చింది. సర్కారు మాటకు దగ్గరే. తమ్ముడు మహబూబ్‌నగర్‌లో కంప్యూటర్ ముందు చిన్నాయనను కూర్చోబెట్టాడు. రోజుల స్లైడర్ 30కి జరిపాను. 6 లక్షలు. వరి మానేసి పల్లికాయలాంటి ఆరుతడి పంటలేస్తారనుకుని ఎకరాలు 15,000 చేశాను. 9 లక్షలు.

“రోజులు సున్నాకు ఎందుకు పోతలేవు?” అన్నాడు చిన్నాయన. నేను కనిష్ఠం 20 పెట్టి ఉన్నాను. ఆయన అడిగిందీ న్యాయమే. శంకుస్థాపన జరిగిన 2015లోనే కృష్ణకు వరద అంతంతమాత్రం. 2019లో చూస్తే శ్రీశైలం గేట్లెత్తి నీళ్లు కిందికి వదిలారు. కనిష్ఠాన్ని 0, గరిష్ఠాన్ని 120 చేశాను.

నా మట్టుకు ఈ పనిలో అసలు రాజకీయమంతా ఆ పెట్టెలోని గడుల్లోనే ఉంది. చూసేవాడు తన ఇష్టప్రకారం జరుపుతున్నాననుకుంటాడు గానీ, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా జరపొచ్చో ముందే తేల్చేది రిపోర్టు చేసినవాడు. డిఫాల్ట్ అయితే మరీ. చాలామంది స్లైడర్ ముట్టుకోరు, తెరవగానే కనబడిందే నిజమనుకుంటారు. 60 పెడితే సర్కారు రిపోర్టు, 30 పెడితే ప్రతిపక్షం రిపోర్టు. అందుకే ఆ గడి ఖాళీగా వదిలేశాను. ఎవరైనా ఎంచుకునేదాకా మెజర్ ఖాళీగానే ఉంటుంది.

అంతా చూసి చిన్నాయన అన్నదొకటే: “కాల్వలు లేకుంటే నువ్వు ఎంత జరిపితే ఏమొచ్చె?” 2023 సెప్టెంబర్ 16న నార్లాపూర్‌లో మొదటి పంపు నడిపించేనాటికి పొలాలకు నీళ్లు తీసుకుపోయే కాలువలు పూర్తికాలేదు. కాబట్టి కాలువల శాతం అని నాలుగో పారామీటర్ కలిపాను, 0 నుంచి 100.

విండోస్ కంప్యూటర్ ఉంటే పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితంగానే దొరుకుతుంది. పాలమూరు నుంచి వచ్చి ఈ దేశాల్లో రిపోర్టులు చేసుకుంటున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. మీ ఊరికి వచ్చే నీటి పథకానికీ ఒకటి చేసి చూడండి. కనిష్ఠం, గరిష్ఠం ఎక్కడి నుంచి తెచ్చారో స్లైడర్ కిందే రాయండి. కాలువల శాతం మాత్రం ఊళ్లో ఉన్నవాళ్లనే అడిగి పెట్టండి.