ప్రళయం బొమ్మ ముందు మా చిన్నత్త

ఈ పేజీల్లో ఇంతవరకూ మన ఇంటి పెళ్ళి ఫొటోలు, తాతగారి ఫ్రెంచి కాగితాలు, యానాంలో పాత వీధుల కబుర్లు వచ్చాయి. ఈసారి యూరప్ చిత్రకారులు వేసిన బొమ్మల గురించి రాస్తున్నాను. వాటితో మనకేం పని అని పాండిచ్చేరి బాబాయి తప్పకుండా అడుగుతాడు. పని ఉంది బాబాయ్, కాస్త ఓపిక పట్టు.

నేను చెప్పబోయేవి దేవుడి తీర్పు బొమ్మలు. బైబిల్లో మనుషులు చేసిన తప్పులకి దేవుడు శిక్ష వేసే కథలు చాలా ఉన్నాయి. నోవహు కాలం నాటి జలప్రళయం, సొదొమ గొమొఱ్ఱా పట్టణాల మీద కురిసిన అగ్ని, బాబెలు గోపురం, ఆఖరికి అందరికీ కలిపి జరిగే చివరి తీర్పు. కొన్ని వందల ఏళ్ళపాటు యూరప్‌లో చర్చిలూ రాజులూ చిత్రకారులకి డబ్బిచ్చి ఈ కథలు వేయించారు. చదువు రానివాళ్ళకి భయం చెప్పాలన్నది అందులో ఒక ఉద్దేశం. మన పల్లెల్లో యమలోకం పటాలు చూపించి పాపం చెయ్యొద్దని చెప్పేవాళ్ళే, అలాంటిదే అనుకోండి.

చిన్నప్పుడు మన వీధిలో పక్కింటి వాళ్ళ దగ్గర ఒక పాత బైబిలు బొమ్మల పుస్తకం ఉండేది. అట్ట ఊడిపోయి, నూలుదారంతో కట్టి ఉండేది. అందులో ప్రళయం బొమ్మ ఒకటి. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఒక రాతికొన. దాని మీద నాలుగైదుగురు పసిపిల్లలు. కింద నీళ్ళలో మునిగిపోతూనే తల్లిదండ్రులు పిల్లల్ని పైకి తోస్తున్నారు. అదే రాతి మీద ఒక ఆడపులి, తన కూనని నోట కరుచుకుని నిలబడి ఉంది. అది గుస్తావ్ దొరే వేసిన బొమ్మ అనీ, 1866లో ఫ్రాన్స్‌లో అచ్చయిన బైబిలు కోసం వేశాడనీ చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు వచ్చిన అనుమానం మాత్రం ఒకటే. వీళ్ళు పాపాత్ములయితే ఇంత మంచి అమ్మానాన్నలు ఎలా అయ్యారు? పులి చేసిన పాపం ఏమిటి?

ఈ అనుమానం నాకొక్కడికే వచ్చింది కాదని తర్వాత పెద్ద పెద్ద చిత్రకారుల బొమ్మలు చూస్తుంటే అర్థమయింది. రోమ్‌లో సిస్టీన్ చాపెల్ పైకప్పు మీద మైకెలాంజిలో 1508లో మొదలుపెట్టిన బొమ్మల్లో ప్రళయం ఒకటి. కథ ప్రకారం చూస్తే అందులో ముఖ్యమైనది నోవహు ఓడ. ఆయన ఆ ఓడని వెనక్కి, దూరంగా నెట్టేశాడు. ముందంతా మునగబోయేవాళ్ళే. ఒకడు భార్యని వీపున మోసుకుని గట్టెక్కుతున్నాడు. ఒక ముసలాయన ఒళ్ళు వేలాడిపోయిన కుర్రాణ్ణి ఎత్తుకొస్తున్నాడు. ఒకామె పీటలాంటిదాన్ని తిరగేసి, అందులో గిన్నెలూ రొట్టెలూ సర్దుకుని నెత్తిన పెట్టుకుని నడుస్తోంది. పుస్తకంలో ఆ బొమ్మ చూసినప్పుడు నాకు ఇటలీ గుర్తుకు రాలేదు. వరదొచ్చినప్పుడు గట్టు మీదికి వచ్చే మన లంకల ఆడవాళ్ళు గుర్తొచ్చారు. ఏ దేశమైనా సరే, ఇల్లు మునిగేటప్పుడు ఆడది ముందు గిన్నెలే తీస్తుంది కాబోలు.

పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో జిరొదే అనే ఆయన 1806లో వేసిన ప్రళయం బొమ్మ ఉంది. గోడంత బొమ్మ, ఎత్తు నాలుగు మీటర్ల పైమాటే. ఒక మొగాడు ముసలి తండ్రిని వీపున వేసుకుని, ఒక చేత్తో చెట్టుకొమ్మ పట్టుకుని, ఇంకో చేత్తో భార్యని లాగుతున్నాడు. ఆమె చంకలో పసివాడు, జుట్టు పట్టుకుని వేలాడుతూ ఇంకో పిల్లాడు. పట్టుకున్న కొమ్మ విరుగుతోంది. వీపు మీదున్న ముసలాయన చేతిలో డబ్బు సంచి, అది మాత్రం వదల్లేదు! ఇది బైబిలు ప్రళయం కాదు, ఉత్త వరద మాత్రమే అని జిరొదే స్వయంగా చెప్పుకున్నాడు. అంటే అప్పటికి చిత్రకారుడు తీర్పుని పక్కనపెట్టి నీళ్ళనీ మనుషుల్నీ మాత్రమే ఉంచుకున్నాడన్నమాట.

నేను మీకు అసలు చెప్పాలనుకున్న బొమ్మ ఇంతకంటే చాలా చిన్నది. నికొలా పుస్సాన్ అనే ఫ్రెంచి చిత్రకారుడు రోమ్‌లో ఉంటూ 1660, 1664 మధ్యలో నాలుగు రుతువుల బొమ్మలు వేశాడు. నాలుగూ బైబిలు కథలే. వసంతానికి ఆదాము హవ్వల తోట, వేసవికి పరాయి దేశం నుంచి వచ్చి పొలంలో పరిగె ఏరుకున్న రూతు కథ, శరత్తుకి కొత్త దేశం నుంచి మోసుకొచ్చిన ద్రాక్షగెల, చలికాలానికి ప్రళయం. అప్పటికి ఆయన ముసలివాడు, చేతులు వణికేవి. 1665లో పోయాడు. ఇవే ఆయన చివరి బొమ్మల్లో కొన్ని.

ఆ ప్రళయంలో హడావిడి లేదు. అంతా బూడిదరంగు. సూర్యుడు వెలిసిపోయిన పళ్ళెంలా ఉన్నాడు. ఎడమవైపు రాతి మీద పాము పాకుతోంది. మధ్యలో ఒక పడవ తలకిందులవుతుంటే అందులో ఒకడు చేతులెత్తి దణ్ణం పెడుతున్నాడు. ఓడ ఉంది గానీ ఎక్కడో వెనక, వెతికితే గాని కనబడదు. కుడివైపు ఒక పడవలోంచి తల్లి పసివాణ్ణి పైకెత్తుతోంది. రాతి మీద నుంచి ఒకాయన వంగి చేతులు చాస్తున్నాడు. పిల్లాడు ఇంకా ఆ చేతుల్లోకి పూర్తిగా వెళ్ళలేదు.

మా చిన్నత్త పారిస్ దగ్గర కొడుకు ఇంటికి వెళ్ళినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ముగ్గురం లూవ్ర్ చూడ్డానికి వెళ్ళాం. అత్తకి కాళ్ళనొప్పులు. మోనాలిసా దగ్గర జనాన్ని చూసి "తిరునాళ్ళేవిట్రా ఇది" అని వెనక్కి తిరిగేసింది. ఈ బొమ్మ ఉన్న గదిలో జనం లేరు. అక్కడ చాలాసేపు నిలబడింది. తర్వాత నన్ను అడిగింది:

"అందుకున్నాడా?"

"బొమ్మలో తెలీదత్తా" అన్నాను.

"అందుకునే ఉంటాడు" అంది. పక్కనే ఉన్న మా బావ ఏమీ మాట్లాడలేదు.

మనవాళ్ళలో పెద్దవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. పిల్లల కోసం రాస్తున్నాను. 1996 నవంబరు 6, దీపావళికి కొద్దిరోజుల ముందు, రాత్రిపూట కాకినాడకి దక్షిణంగా తుఫాను తీరం దాటింది. యానాం, కోనసీమ దెబ్బతిన్నాయి. వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు లక్షల్లో పడిపోయాయి. మావయ్యకి అప్పుడు నదివైపు రొయ్యల చెరువులు ఉండేవి. ఆ సాయంత్రం మోటార్లు విప్పించి పైకి పెట్టిద్దామని వెళ్ళాడు. తొమ్మిదేళ్ళ బావ నేనూ వస్తానని మారాం చేస్తే వెంట తీసుకెళ్ళాడు. నీరు లోపలికి తోసుకొచ్చినప్పుడు కాపలా మనిషి మోటారు షెడ్డు శ్లాబు మీదికెక్కి చెయ్యి చాచాడు. మావయ్య బావని పైకెత్తి అందించాడు. ఆయన అందుకున్నాడు. మావయ్య మాత్రం ఎక్కలేకపోయాడు.

ఆ తర్వాత మన ఊళ్ళో, మన బంధువుల్లో కూడా, ఒక మాట పుట్టింది. పచ్చటి వరిచేలు తవ్వి ఉప్పునీళ్ళు పెట్టాడు, నేలతల్లి ఉసురు తగిలింది అని. కొందరు ఎదురుగానే అన్నారు. చిన్నత్త పది పన్నెండేళ్ళు ఆ మాట వింది. పెళ్ళిళ్ళకి రావడం తగ్గించింది. అత్త ఎందుకు అందరితో కలవదు అని చిన్నప్పుడు అడిగిన వాళ్ళందరికీ ఇదీ జవాబు.

నిజం చెప్పాలంటే చెరువుల ఉప్పు పక్క చేలలోకి దిగడం నిజమే. నష్టపోయిన రైతులకి కోపం రావడం న్యాయమే. దానికి పెద్దమనుషులున్నారు, ఆఫీసులున్నాయి, కోర్టులున్నాయి. అక్కడ మావయ్యని నిలదీసి ఉంటే ఆయన జవాబు చెప్పాల్సిందే. కానీ సముద్రాన్ని తీర్పరిగా కూర్చోబెట్టకూడదు. సముద్రం సాక్షుల్ని పిలవదు. అదే రాత్రి భైరవపాలెం, బలుసుతిప్పల్లో వేటకెళ్ళినవాళ్ళు పోయారు. వాళ్ళకి చెరువులూ లేవు, చేలూ లేవు. వాళ్ళది ఏ పాపం?

మన పురాణాల్లోనూ ప్రళయం ఉంది. మత్స్యావతారం కథలో మనువు పడవెక్కుతాడు. అక్కడ కల్పం అయిపోయింది కాబట్టి నీళ్ళొస్తాయి. ఎవరో తప్పు చేశారని రావు. అయినా మనం మాత్రం తుఫాను రాగానే కారణం కోసం పక్కింటి వైపు చూస్తాం. మనుషుల నైజమే అంత.

ఈ నైజం చిత్రకారుల్లోనూ లేకపోలేదు. మైకెలాంజిలో ముసలితనంలో, 1536 నుంచి 1541 దాకా, అదే చాపెల్ గోడ మీద చివరి తీర్పు వేశాడు. అంతా బట్టల్లేని ఒళ్ళేమిటని పోపు దగ్గర పనిచేసే ఒక అధికారి తప్పుపట్టాడు. మైకెలాంజిలో ఆ అధికారి మొహాన్నే తీసుకెళ్ళి నరకంలో గాడిద చెవులతో, ఒంటికి పాము చుట్టి పెట్టాడు. ఆయన పోపుకి మొరపెట్టుకుంటే, నరకం నా అధికారంలో లేదయ్యా అన్నాడని చెప్పుకుంటారు. నవ్వొచ్చే కథే. కానీ దేవుడి తీర్పు పేరుతో మనం మన కక్షలు తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. అదే మైకెలాంజిలో కుర్రతనంలో ప్రళయం వేసినప్పుడు ఒక్కళ్ళని కూడా వెక్కిరించలేదు.

బాబెలు గోపురం గురించి ఒక్క ముక్క. బ్రూగెల్ 1563లో వేసిన బొమ్మ ఇప్పుడు వియెన్నాలో ఉంది. అందులోనూ దేవుడు కనబడడు. రాళ్ళు కొట్టేవాళ్ళు, బరువులెత్తేవాళ్ళు, ఓడల్లోంచి సరుకు దించేవాళ్ళు ఉంటారు. గోపురం కొంచెం ఒరిగి ఉంటుంది, అంతే. ఆ కథలో శిక్ష ఏమిటంటే అందరికీ వేరువేరు భాషలు రావడం. మన భోజనాల దగ్గర తెలుగు, తమిళం, ఫ్రెంచి, ఇంగ్లీషు అన్నీ ఒకేసారి వినబడతాయి. అది శిక్షయితే మనం దాన్ని బాగానే అరిగించుకున్నాం.

తెలుగులో పాపం అనే మాటకి రెండర్థాలు. చేసిన తప్పుకీ పాపమే, ఎదుటివాడి కష్టం చూసి నోట వచ్చే జాలికీ పాపమే. ఫ్రెంచిలో ఆ రెండూ వేరువేరు మాటలు. డబ్బిచ్చినవాళ్ళు ఈ చిత్రకారుల్ని మొదటి అర్థం వెయ్యమన్నారు. దొరే, పుస్సాన్, కుర్రవాడైన మైకెలాంజిలో కుంచె పట్టాక రెండోది వేశారు. మన ఊళ్ళో 1996 తర్వాత చాలామంది మొదటిదే పలికారు. రెండోది పలికినవాళ్ళు కూడా ఉన్నారు. ఆర్నెల్లు ప్రతి రాత్రీ వచ్చి అత్తకి తోడు పడుకున్న పక్కింటి ముసలమ్మ ఒకరు. బొమ్మల పుస్తకం వాళ్ళ ఇంట్లోదే.

ఇప్పుడు అసలు పని చెబుతాను. మన వంశవృక్షంలో బావ కింద ఇద్దరు పిల్లల పేర్లు చేరాయి. ఆ కొమ్మ ఉండటానికి కారణమైన కాపలా మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. తుఫాను తర్వాత చెరువులు పోయాయి, ఆయన కుటుంబం పనికోసం ఎటో వెళ్ళిపోయింది. మావయ్య పేజీలో ఆయన గురించి కూడా రాయాలని చిన్నత్త అడిగింది, బావ కూడా ఒప్పుకున్నాడు. వాళ్ళవాళ్ళు ఎక్కడున్నారో యానాంలో గానీ, కోరంగి, తాళ్ళరేవు వైపు గానీ మీలో ఎవరికైనా తెలిస్తే నాకు కబురు చెయ్యండి. ముందు వెళ్ళి వాళ్ళని అడగాలి. వాళ్ళు సరేనంటేనే రాద్దాం.