మూడో వరుసలో తెల్లచీర

మా అమ్మ పెళ్ళి ఆల్బమ్‌లో ఒక ఫొటో ఉంది. 1984 వేసవి. సింధనూరు దగ్గర మా క్యాంపులో, ఇంటిముందు పందిరి. ముందు వరుసలో అమ్మా నాన్నా, మెడలో కర్పూర దండలు, నుదుట బాసికాలు. వాళ్ళ వెనక పెద్దవాళ్ళు. ఇంకా వెనక, పందిరి గుంజకు ఆనుకుని ఒక తెల్లచీర. చీర కనిపిస్తుంది. కట్టుకున్న మనిషి ముఖం కనిపించదు. ఆవిడ మా తాతమ్మ, అమ్మకు నాయనమ్మ. పశ్చిమ గోదావరిలో ఉన్న రెండెకరాలూ అమ్ముకుని, కాలువ నీళ్ళు వస్తాయన్న మాట నమ్మి, ముగ్గురు కొడుకుల్ని వెంటబెట్టుకుని ఈ నల్లరేగడిలోకి వచ్చిన మనిషి. ఆవిడ ఫొటో మా ఇంట్లో ఇదొక్కటే.

పోయిన నెల మా మేనల్లుడు వచ్చాడు. డిగ్రీ అయింది, పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తానంటున్నాడు. "మావయ్యా, లక్షన్నర ఉంది. ఏ బాడీ కొనమంటావు?" అంటూ ఫోన్ తీశాడు. మెగాపిక్సెళ్ళు, ఫోకస్ పాయింట్లు, వీడియో, అన్నీ గళ్ళు గీసి రాసుకున్నాడు. నేను లోపలికెళ్ళి ఆల్బమ్ తెచ్చి వాడి ఒళ్ళో పెట్టాను. "ఈ ముఖం ఎందుకు పడలేదో తేల్చు. అది తేలితే ఏం కొనాలో నీకే తెలుస్తుంది" అన్నాను.

మా పెళ్ళిళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. తుంగభద్ర డ్యామ్ నుంచి 1953లో నీళ్ళు వదిలారు. ఆ తర్వాతి ఏళ్ళలో ఎడమకాలువ కింద సింధనూరు, మాన్వి తాలూకాలూ, అప్పట్లో రాయచూరు జిల్లాలోనే ఉన్న గంగావతీ తడినేలలయ్యాయి. వరి తెలిసిన రైతులు గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి పొలాలు కొని, గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెల గుంపులే క్యాంపులు. డాబాలు లేచి, మూడు తరాలు గడిచినా క్యాంపు అన్న పేరు పోలేదు. ఇక్కడ పెళ్ళంటే కోస్తాలో ఉండిపోయిన చుట్టాలు రైలెక్కి, బస్సెక్కి ఒకరోజు ప్రయాణం చేసి రావాలి. పందిట్లో ఒకవైపు గోదావరి యాస, ఒకవైపు కన్నడం కలిసిన మా తెలుగు, ఇంకోవైపు పక్కూళ్ళ కన్నడిగులు. ఆ మూడూ మళ్ళీ ఒకచోట చేరడం ఇంకో పెళ్ళికే. ఆ మధ్యలో ఎవరు మిగులుతారో, ఎవరు పోతారో. అందుకే ఇక్కడ పెళ్ళి ఫొటోగ్రాఫర్ పని నగలకూ అలంకారానికీ మించినది. ఇన్ని వందలమంది ఒక్కచోట ఉన్న ఆ ఒక్క పూటను పట్టుకోవడం ఆయన వంతు.

ఇక ఆ ఫొటో. మొదటి కారణం లెన్సు. ఆ రోజుల్లో చాలామంది దగ్గర బాడీతో పాటు వచ్చిన 50 ఎంఎం ఒక్కటే ఉండేది. మంచి లెన్సే. కానీ లెక్క చూడండి. ఐదు మీటర్ల దూరంలో నిలబడితే 35 ఎంఎం ఫిల్ముపై 50 లెన్సుకు అడ్డంగా 3.6 మీటర్ల మేర పడుతుంది. అదే చోట 35 లెన్సుకు ఐదు మీటర్లు దాటుతుంది, 24కు ఏడున్నర. ఇరవైమందిని ఫ్రేములోకి తేవాలని ఆయన వెనక్కి వెనక్కి జరిగి ఉంటాడు. వెనక్కి జరిగిన కొద్దీ ఫ్లాష్ బలం తగ్గింది.

ఇప్పుడు కొనేవాళ్ళు ఈ లెక్క ముందు వేసుకోవాలి. తక్కువ ధరకు వచ్చే బాడీల్లో సెన్సరు చిన్నది, ఏపీఎస్-సీ అంటారు. దాని మీద 50 లెన్సు చూపు ఫుల్‌ఫ్రేమ్ మీద 75 లెన్సు చూపంత ఇరుకవుతుంది, ఐదు మీటర్ల దూరంలో రెండున్నర మీటర్లైనా పట్టదు. చవకగా దొరికే 50 ఎంఎం 1.8 లెన్సు పెళ్ళికూతురి ముఖానికీ, చంటిపిల్లల నవ్వుకూ బంగారం లాంటిది. దానొక్కదాన్నే నమ్ముకుని పెళ్ళి ఒప్పుకుంటే మాత్రం సగం చుట్టాలు బయటే ఉండిపోతారు. మొదటి లెన్సుగా ఏపీఎస్-సీకి 17-50, ఫుల్‌ఫ్రేమ్‌కు 24-70, రెండూ ఎఫ్ 2.8 రకం ఎంచుకోమంటాను. ఈ ఎఫ్ సంఖ్య ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది. బాడీతో వచ్చే కిట్ లెన్సు జూమ్ చేసేసరికి 5.6కు పడిపోతుంది. 5.6తో పోలిస్తే 2.8 నాలుగు రెట్లు వెలుతురు లోపలికి రానిస్తుంది. తెల్లవారుజామున రెండింటికి ముహూర్తం పెట్టుకునే మా ఇళ్ళల్లో ఆ నాలుగు రెట్లే ముఖానికీ మరకకూ తేడా.

రెండో లెన్సు ఎప్పుడు కావాలో మాంగల్యధారణ వేళ తెలుస్తుంది. భజంత్రీలు గట్టిమేళం అందుకోగానే అందరూ లేచి నిలబడతారు. అక్షింతలు గాల్లో ఉంటాయి. అప్పటిదాకా మీరు కాచుకున్న చోటుకు నలుగురు మేనమామలు అడ్డమొస్తారు. వాళ్ళది తప్పు కాదు, పెళ్ళి వాళ్ళదే. ఆ సమయానికి పక్కన కుర్చీ ఎక్కి దూరం నుంచి తీయడానికి 70-200 ఉండాలి. అది బరువైనది, ధర కూడా భారం. మొదటి ఏడాది దాన్ని కొనకండి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో రోజు అద్దెకు తెచ్చుకోండి, లేదా 85 ఎంఎం 1.8 కొనుక్కోండి. అప్పగింతల వేళ తల్లీకూతుళ్ళ మీద మీద పడకుండా నాలుగడుగుల దూరంలో నిలబడి వాళ్ళ ఏడుపును గౌరవంగా తీయగలిగే లెన్సు అది.

వెనకంతా మసకబారితే గొప్ప అనే మోజు ఈ మధ్య ఎక్కువైంది. 1.8 దగ్గర పెట్టి తీస్తే పెళ్ళికూతురి కళ్ళు పదునుగా ఉండి, పక్కన తలంబ్రాల పళ్ళెం పట్టుకున్న మేనత్త మసకలో కలిసిపోతుంది. మసకలో కలిసేది గోడైతే పరవాలేదు, చెట్టయితే పరవాలేదు. మూడు వరుసల గుంపు ఫొటోకు 5.6 గానీ 8 గానీ పెట్టాలి. అంచుల్లో ముఖాలు సాగిపోకుండా, వెడల్పు లెన్సు వేసినప్పుడు పెద్దవాళ్ళను మధ్యకు తేవాలి.

రెండో కారణం ఫ్లాష్. తాతమ్మ ముఖం నల్లబడటానికి అసలు దోషం దానిదే. వెలుతురుకు ఒక కఠినమైన నియమం ఉంది: దూరం రెట్టింపైతే అందే వెలుతురు నాలుగోవంతవుతుంది. కెమెరా నెత్తిన ఫ్లాష్ పెట్టి కొట్టినప్పుడు ముందు వరుస మూడు మీటర్లలో, వెనక వరుస ఆరు మీటర్లలో ఉంటే, వెనకవాళ్ళకు పావువంతే దక్కుతుంది. తెల్లచీర ఆ పావువంతునే తిరిగి విసిరింది కనుక కనబడింది. ఎండలో నాట్లు వేసి నల్లబడ్డ ముఖం విసరలేకపోయింది.

దీనికి విరుగుడు ఫ్లాష్‌ను కెమెరా నుంచి విడదీసి, ఎత్తైన స్టాండు మీద, పక్కగా, దూరంగా పెట్టడం. ముందు వరుసకు ఆరు మీటర్లు, వెనక వరుసకు తొమ్మిది మీటర్లు ఉండేలా పెడితే, వెనకవాళ్ళకు అందేది పావువంతు నుంచి దాదాపు సగానికి పెరుగుతుంది. అందుకే ఖరీదైన ఫ్లాష్ ఒకటి కొనేకన్నా, మధ్యరకం ఫ్లాషులు రెండు, వాటికొక రేడియో ట్రిగ్గరు కొనడం నయం. పెట్టెమీద రాసే గైడ్ నంబరు 60 అని చూసి మురిసిపోకండి. చాలా ఫ్లాషులకు అది తల 200 ఎంఎంకు జూమ్ చేసినప్పటి మాట, వెడల్పుగా పరిచినప్పుడు బాగా తగ్గుతుంది. ఆ నంబరును ఎఫ్ సంఖ్యతో భాగిస్తే ఎన్ని మీటర్లు చేరుతుందో వస్తుంది. గైడ్ నంబరు 28 ఉన్న ఫ్లాష్, ఎఫ్ 8 దగ్గర, ఐఎస్‌ఓ, అంటే వెలుతురు పట్టే చురుకు, 100 ఉన్న ఫిల్ముతో మూడున్నర మీటర్లకే ఆగిపోతుంది. మా ఆల్బమ్‌లో వెలుతురు ఎక్కడ ఆగిందో చూస్తే ఇలాంటి లెక్కే కనిపిస్తుంది.

పైకప్పుకు కొట్టి వెలుతురును కిందికి పరచడం, అంటే బౌన్స్, అందరూ నేర్పేదే. తెల్లసున్నం వేసిన ఇంటి గదిలో అది అద్భుతం. కల్యాణమంటపం కప్పు ఇరవై అయిదు అడుగుల ఎత్తులో ఉంటే ఆ వెలుతురు పైనే అయిపోతుంది. రంగుగుడ్డల షామియానా కింద కొడితే ఎర్రగుడ్డ ఎరుపును, పచ్చగుడ్డ పచ్చదనాన్ని ముఖాలకు పూస్తుంది. పసుపు రాసిన పెళ్ళికూతురి చెంపల మీద పచ్చరంగు పడితే ఆ తల్లి జీవితాంతం బాధపడుతుంది. మండపంలోకి వెళ్ళగానే ముందు తలెత్తి చూడాలి. బ్యాటరీలకు కూడా అంతే శ్రద్ధ కావాలి. పెన్సిల్ సెల్లులు వాడితే రీఛార్జి అయ్యేవి నాలుగేసి చొప్పున మూడు జతలు జేబులో ఉండాలి. ఇప్పుడు చవకలో కూడా దొరుకుతున్న లిథియం బ్యాటరీ ఫ్లాషులు త్వరగా సిద్ధమవుతాయి. తలంబ్రాలు ఫ్లాష్ కోసం ఆగవు.

ఫ్లాష్ పక్కనుంచి ఎందుకు కొట్టాలో తెలియాలంటే రాయచూరు కోటకు వెళ్ళాలి. 1294 నాటి ఆ కోట గోడ మీద, ఒక పెద్ద బండరాయిని బండి మీద పశువులు లాక్కొస్తున్న బొమ్మ గీతల్లో చెక్కి ఉంది. ఎండ ఎదురుగా పడేటప్పుడు గోడ ఒట్టి గోడలా ఉంటుంది. పొద్దు వాలి వెలుతురు ఏటవాలుగా తగిలితే ఒక్కో గీతా నీడ పట్టి లేస్తుంది. ముఖం కూడా అంతే. సరదాగా నేర్చుకునేవాళ్ళకు నేను చెప్పేదీ ఇదే: ఒక బాడీ, ఒక్క 35 లెన్సు పట్టుకుని ఏడాదిపాటు ఆ కోట మీదా, మస్కి గుట్టల్లోనూ, శక్తినగర్ దగ్గర కృష్ణ ఒడ్డునా తిరగండి. వెలుతురు ఎటు పడితే ఏమవుతుందో తెలిశాకే పెళ్ళి ఒప్పుకోండి.

మూడో కారణం బాడీ. మా మేనల్లుడు మొదట అడిగినది, నేను చివర చెప్పేది. రీలు వేశాక 36 ఫొటోలకూ అదే ఐఎస్‌ఓ. ఇప్పటి బాడీలో ఒక మీట తిప్పితే 1600. ఐఎస్‌ఓ 100తో పోలిస్తే ఫ్లాష్ చేరే దూరం నాలుగింతలవుతుంది. పాతబడిన మంచి బాడీ కూడా ఈ మేలు చేస్తుంది కనుక, బాడీలో మిగిల్చిన డబ్బు లెన్సుకూ ఫ్లాష్‌కూ పెట్టమంటాను. చూడాల్సినవి మూడు. ఒకటి, రెండు కార్డుల సౌకర్యం. కార్డు పాడైతే మళ్ళీ పెళ్ళి చేయలేం. 2018లో వచ్చిన మిర్రర్‌లెస్ బాడీల్లో సోనీ ఏ7 3కి రెండు కార్డులుంటే, కెనాన్ ఈఓఎస్ ఆర్, నికాన్ జడ్ 6 రెండింటికీ ఒకటే ఉండేది. ఆ రెండు సంస్థలూ తర్వాతి బాడీల్లో దిద్దుకున్నాయి. రెండు, చీకట్లో ఫోకస్ పట్టే శక్తి. మూడు, ఎల్ఈడీ దీపాల కింద ప్రవర్తన. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్‌తో తీస్తే ముఖాల మీద అడ్డచారలు పడతాయి. మామూలు షట్టర్‌తో సెకనులో వందోవంతు దగ్గర తీస్తే చాలావరకు తప్పుతాయి.

ఇవన్నీ కొన్నాక కూడా తాతమ్మ ముఖం పడుతుందా? ఆవిడ వెనక నిలబడటానికి ఇంకో కారణం ఉంది. భర్త పోయిన ఆడవాళ్ళు పెళ్ళిపందిట్లో ముందుకు రాకూడదన్నది ఆనాటి కట్టుబాటు. రాయచూరు నిజాం రాజ్యంలో ఉన్న కాలంలో, నిజాం కొలువులో ఫొటోగ్రాఫరైన రాజా దీన్‌దయాళ్‌కు ఇలాంటి చిక్కే ఎదురైంది. ఘోషా స్త్రీలు మగవాడి కెమెరా ముందుకు రారు. ఆయన 1892లో హైదరాబాద్‌లో వాళ్ళకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, నడిపే బాధ్యత ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ముఖం మన దగ్గరకు రాలేనప్పుడు మనమే దారి వెతకాలని ఆ పెద్దాయనకు తెలుసు.

మా మేనల్లుడు ఆల్బమ్ మూసి అడిగాడు. "అయితే ఆ ఫొటోగ్రాఫర్‌దే తప్పా మావయ్యా?"

"కాదురా. ఆయన దగ్గర ఒకటే లెన్సు, ఒకటే ఫ్లాష్. రెండు రీళ్ళు, డెబ్భైరెండు ఫొటోలు. ఒక్కోదానికీ డబ్బు. పైగా వెనకున్నావిడను ముందుకు రమ్మనే ధైర్యం ఆరోజు ఎవరికీ లేదు. ఆయనకు కారణాలున్నాయి. నీకు ఒక్కటీ లేదు."

వాడేమీ అనలేదు. ఫోన్‌లో జాబితా జేబులో పెట్టేసి లేచాడు. వంటింట్లో ఉన్న మా అమ్మను పిలిచి, "అమ్మమ్మా, ఒక్కసారి ఆ అరుగు స్తంభం దగ్గర నిలబడవూ" అన్నాడు. ఆవిడ చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వెళ్ళి నిలబడింది. వాడు స్తంభం దగ్గర్నుంచి గేటు వైపు అంగలు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. ఎనిమిదో అంగ దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"ఇక్కణ్ణుంచి ముఖం పడాలి. అంతేగా మావయ్యా?"

అంతే, అన్నాను.