సెలవు

తెలుగులో ‘సెలవు’ అన్న మాటకు ముఖ్యమైన వాడుకలు రెండున్నవి. కొలువులో పైవాడు ఇచ్చే అనుమతి ఒకటి. గడప దాటేవాడు ఇంటివారిని అడిగి పుచ్చుకొనే వీడ్కోలు మరొకటి. హిందీలోని ‘ఛుట్టీ’ ఇట్టిది కాదు. అది ‘ఛూట్‌నా’కు సంబంధించిన మాట, విడుదలను చెబుతుంది. ఢిల్లీలో కాపురమున్న తెలుగు ఉద్యోగి పగలంతా ఛుట్టీ అనే అంటాడు. అయినా ఒంటరిగా మోటారుసైకిలెక్కి పరదేశాలు చూచి రావలెనన్న కోరిక పుట్టిననాడు, తనకు కావలసినది సెలవని, అదికూడ రెండర్థాలలోను కావలెనని అతనికి తెలిసివస్తుంది.

కోరిక కొత్తదేమీ కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కొలువునుండి సెలవు పుచ్చుకొని కాశీకి బయలుదేరి, పదిహేను నెలల పైచిలుకు తిరిగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరినాడు. ఆయన పల్లకిలో పోయినాడు, వెంట పెద్ద పరివారమున్నది, పైగా తీర్థయాత్ర. కాశీకి పోతానన్నవానిని కాదనే తల్లి తెలుగునాట అరుదు. మోటారుసైకిలువానికి ఆ సదుపాయం లేదు. ఎందుకు పోతున్నావురా అంటే కాశీవంటి జవాబు అతనివద్ద లేదు. రాహుల్ సాంకృత్యాయన్ ‘ఘుమక్కడ్ శాస్త్ర’ అని ఒక గ్రంథమే వ్రాసి హిందీలో ఇట్టివారికి గౌరవం కల్పించినాడు. ఆ ఘుమక్కడ్‌ను తెలుగు చేయబోతే ‘దేశదిమ్మరి’ ఎదురవుతాడు. ఆ మాటలో మెచ్చుకోలు పాలు తక్కువ.

ఆఫీసు సెలవు సంగతి లెక్కలతో తేలేది. కేంద్ర ప్రభుత్వోద్యోగికి ఏడాదికి 30 రోజుల ఆర్జిత సెలవు జమపడుతుంది. 300 రోజులవరకు కూడబెట్టవచ్చును. సెలవును హక్కుగా కోరరాదని 1972 నాటి నిబంధనలు స్పష్టంగా చెబుతున్నవి. వాడక మిగిల్చిన రోజులకు, ఆ 300కు మించకుండా, పదవీవిరమణనాడు డబ్బు కట్టి ఇస్తారు. అనగా దారిలో గడిపే ప్రతిదినమూ ముసలితనానికి దాచుకొన్న మూటనుండి తీసినదే. విశాఖపట్నం వాస్తవ్యుడు భరద్వాజ్ దయాల 2006లో కరిజ్మా మోటారుసైకిలుపై ఒంటరిగా భూప్రదక్షిణకు బయలుదేరి 2007లో తిరిగివచ్చినాడు, ఏడాదిన్నర పట్టినది. ఆ లెక్కన, పదేళ్ళు ఒక్కరోజైనా వాడక కూడబెట్టిన గుమాస్తాకు సగం దారి దాటగానే ఖాతా ఖాళీ అవుతుంది. తక్కినది జీతంలేని అసాధారణ సెలవు. గురుగ్రామ్, నోయిడా కంపెనీలలో చాలచోట్ల ఆ లెక్కకూడ లేదు. అక్కడ రాజీనామాయే సెలవుచీటీ.

తరువాత దారి. ఒడిశాలో పుట్టి ఢిల్లీలో చిత్రకళ చదివిన ప్రద్యుమ్నకుమార్ మహానందియా, కన్నాట్ ప్లేసులో తనచేత బొమ్మ గీయించుకొన్న స్వీడిష్ యువతికోసం 1977లో పాత సైకిలుపై బయలుదేరి, ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్, టర్కీలమీదుగా ఐరోపా చేరినాడు. 1979లో ఇరాన్‌లో విప్లవం, ఆఫ్ఘనిస్తాన్‌లో సోవియట్ సేనలు. ఆ బాట తెగినది. ఇప్పుడు ఢిల్లీ బండి చాలసార్లు చెక్కపెట్టెలో బందీయై ఓడలోనో విమానంలోనో పోయి, అవతల దేశంలో మొదటిసారి నేలమీద చక్రం పెడుతుంది. ఇరాన్‌వంటి దేశాలలో దానికి ‘కార్నెట్’ కావలె. ఇది సుంకపు పూచీపత్రం. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు అందులో ఉంటవి. బండిని అమ్ముకొనక తిరిగి తీసుకుపోతాడన్న నమ్మకానికి యజమాని ముందుగా హామీ కట్టవలె. బండి తిరిగివచ్చుటకు ఇన్ని కట్టుబాట్లున్నవి. మనిషి తిరిగివచ్చుటకు ఎవరూ హామీ అడుగరు.

ఇంతమాత్రాన పోరాదని కాదు. ఢిల్లీలో కొత్తవాడిని ఏ మినిస్ట్రీ, ఏ గ్రేడు అని అడిగిగాని కుర్చీ చూపరు. సరిహద్దు అవతల టీకొట్టువాడు ఎక్కడినుండి వచ్చినావని అడుగుతాడు, అంతే. ఇరవై ఏళ్ళు హోదా మోసినవానికి ఆ ప్రశ్న ఎంత తేలికో మోసినవాడే ఎరుగును. ఆ తేలికకోసం ఏడాది జీతం పోగొట్టుకొనుట పిచ్చి కాదు.

చిక్కంతా ఇంటి సెలవులో ఉన్నది. రామకృష్ణపురం క్వార్టరులో తండ్రికి రక్తపోటు, కూతురికి పన్నెండవ తరగతి పరీక్షలు, భార్యకు తన ఉద్యోగం. అతడు భోజనాలవేళ మాట కదుపుతాడు. ఎవరూ వద్దనరు. మౌనం అర్ధాంగీకారమన్నారు, ప్రయాణికుడు ఆ సగాన్ని పట్టుకొని పోతాడు. మిగిలిన సగం ఇంట్లో ఉంటుంది. ప్రతి సాయంత్రం ఫోను చేస్తే అందరం బాగున్నామంటారు. తండ్రిని అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకుపోయిన సంగతి, ఆయన లేచి తిరిగిన తరువాతగాని చెప్పరు. వేల కోసుల దూరాన ఉన్నవానికి చెప్పి ఏమి లాభమని వారి ఆలోచన. అది దయే, అయినా ఆ దయవల్ల అతడు ఆ ఇంటి కష్టంలో భాగస్థుడు కాకుండా పోతాడు.

తిరిగివచ్చిననాడు సుంకపు అధికారి వంగి, ఛాసిస్ నంబరు పోల్చుకొని కార్నెట్‌పై ముద్ర వేస్తాడు. ఆఫీసులో చేరినట్లు ఒక కాగితం వ్రాసి ఇమ్మంటారు. ఇంట్లో తండ్రికి ఉదయం ఏ మాత్ర, రాత్రి ఏ మాత్ర, ఏ దుకాణంలో దొరుకుతవి అన్నది కూతురికి కంఠోపాఠం. అతడు ఆ పిల్లను అడిగి నేర్చుకోవలసి ఉంటుంది.