నీలం టిక్కులు

నాన్న పోయాక అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటోంది. రోజూ పొద్దున్నే ఆరింటికి వాట్సాప్‌లో ఓ గులాబీయో, మందారమో పంపిస్తుంది. ఆ టైముకి నేను కుక్కరు, బాక్సుల హడావిడిలో ఉంటాను. చూస్తాను, జవాబివ్వను. పది నిమిషాలకల్లా ఫోను: "చూసి కూడా పలకవేమే?"

ఈ గోల పడలేక పోయినేడు సెట్టింగుల్లోకి వెళ్ళి నీలం టిక్కులు ఆపేశాను. (2014లో ఇవి వచ్చిన కొత్తలో చాలామందికి ఇదే తలనొప్పి లెండి.) ఫోన్లు తగ్గాయి, హాయిగా ఉంది. మనం ఆపేస్తే ఎదుటివాళ్ళు చూశారో లేదో మనకీ తెలీదు. అది పట్టించుకోలేదు.

మొన్న రెండు రోజులు పువ్వు రాలేదు. నిజం చెప్పాలంటే, ఓ పని తగ్గిందనుకున్నాను. సాయంత్రం "అలిగావా అమ్మా?" అని మెసేజ్ పెట్టాను. రెండు బూడిదరంగు టిక్కులు. ఎప్పుడూ అంతేగా!

మర్నాడు పక్కింటి పిన్నిగారు ఫోన్ చేశారు. అమ్మకి జ్వరం, మంచం దిగలేకపోతోంది. ఫోనేమో వంటింట్లో చార్జింగులోనే ఉండిపోయింది.

పరుగెత్తుకెళ్ళాను. జావ తాగుతూ అంది అమ్మ: "టిక్కులు నీలం అవ్వట్లేదని ఫోను పాడైందేమో అనుకున్నానే. పక్కింటబ్బాయి చూసి, మీ అమ్మాయే ఆపేసుంటుందన్నాడు. అవి నీలం అయితే, నువ్వు లేచావు, బానే ఉన్నావు అనుకుని కాఫీ కలుపుకునేదాన్ని."

అక్కడే కూర్చుని మళ్ళీ ఆన్ చేశాను.

ఇవాళ ఆరుంబావుకి మందారం వచ్చింది. స్టవ్ సిమ్‌లో పెట్టి చూశాను. జవాబివ్వడం మాత్రం ఇవాళా కుదరలేదు.