నీరు చిమ్మి నడిచే పడవ

పిల్లలూ! తెనాలి నుంచి రేపల్లెకు పోయే రైలులో కిటికీ పక్కన కూర్చుంటే, దారిలో వేమూరు వస్తుంది. చుట్టూ వరిచేలు, చేల నడుమ కాలువలు. ఈ కాలువలలోని నీరు కృష్ణానదిది. విజయవాడ దగ్గర నదికి అడ్డంగా కట్టిన ఆనకట్ట 1855లో పూర్తి అయింది. ఆ పాత ఆనకట్టకు బదులు 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది.

మంచి రోడ్లు లేని కాలంలో ఈ డెల్టాలో పెద్ద కాలువలే రహదారులు. ధాన్యం బస్తాలు పడవలలో వెళ్ళేవి. గాలి వాటంగా ఉంటే తెరచాప ఎత్తేవారు. గాలి లేకపోతే మనుషులు గట్టు వెంట నడుస్తూ తాడు కట్టి లాగేవారు. లోతు తక్కువైన చోట పొడవాటి గడను నేలకు ఆనించి నెట్టేవారు. ఏ నీటికి ఏ ఉపాయమో పడవవాళ్ళకు తెలుసు.

వేమూరు నుంచి తూర్పుగా కొల్లూరు దాటి పోతే కృష్ణ కరకట్ట తగులుతుంది. కట్ట ఎక్కి చూస్తే లంకలు కనిపిస్తాయి. లంక అంటే నది తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన దీవి. అరటి, పసుపు, కంద అక్కడ బాగా పండుతాయి. వేసవిలో నదిలో ఇసుక తిన్నెలే ఎక్కువ. వాటి నడుమ పాయలు కొన్నిచోట్ల మోకాటి లోతే ఉంటాయి. వరద వచ్చిందా, అదే నది లంకలను ముంచేస్తుంది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర సెకనుకు 11 లక్షల ఘనపుటడుగులకు పైగా నీరు వచ్చింది. 2024 సెప్టెంబరులో అంతకు మించి, 11 లక్షల 43 వేల ఘనపుటడుగులు వచ్చింది. అలాంటి రోజున లంకలో చిక్కుకున్న వారికి పడవే దిక్కు.

మరి ఏ పడవ పంపాలి? మామూలు మరపడవకు వెనక నీటి అడుగున పంకా తిరుగుతూ ఉంటుంది. లోతు నీటిలో దానికి సాటి లేదు. కాని ఇసుక తిన్నె తగిలితే దాని రెక్క వంగుతుంది. మునిగిన తోటలో తీగలు, తాళ్ళు దానికి చుట్టుకుంటాయి. నీటిలో మనిషి ఉంటే ఆ రెక్కలు మహా ప్రమాదం.

సరిగా ఇలాంటి చిక్కే న్యూజిలాండ్ దేశంలో విలియం హామిల్టన్ అనే ఆయనకు ఎదురయింది. ఆయన గొర్రెలను పెంచే రైతు, యంత్రాలు చేయటంలో నేర్పరి. అక్కడి కొండ నదులు వేగంగా పారుతాయి, కాని లోతు ఉండవు, అడుగున అంతా గులకరాళ్ళు. 1950ల మొదట్లో ఆయన పంకాను తీసివేసి, పడవ లోపల ఒక పంపు పెట్టాడు. పడవ అడుగున ఉన్న రంధ్రం గుండా పంపు నీటిని పీల్చి, వెనక ఉన్న సన్నని మూతి గుండా వడిగా చిమ్ముతుంది. నీరు వెనక్కు పోతే పడవ ముందుకు పోతుంది. మొదట ఆ మూతి నీటి అడుగున ఉండేది. దానిని నీటి మట్టానికి కాస్త పైకి మార్చగానే పడవ వేగం పెరిగింది.

ఇందులో వింత ఏమీ లేదు. లంక చేలో ఆయిలింజను తోడే నీటిని మీరు చూచే ఉంటారు. గొట్టం చివర మూతి నొక్కి పట్టుకోండి, నీరు వడిగా ముందుకు దూకుతుంది, గొట్టం మీ చేతిని వెనక్కు నెడుతుంది. ప్రతి చర్యకూ సమానమైన ప్రతిచర్య ఉంటుందని న్యూటన్ చెప్పింది ఇదే. లంక రైతు పంపే పడవ ఎక్కిందన్నమాట!

ఎవరెస్టు శిఖరాన్ని 1953లో ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ పేరు మీకు తెలుసు. ఆయన 1977లో ఇలాంటి పడవలు మూడు తీసుకుని గంగాసాగరం నుంచి గంగకు ఎదురీదుతూ బయలుదేరాడు. హిమాలయాలలో నందప్రయాగ దగ్గర ఒక జలపాతం అడ్డు వచ్చేదాకా పడవలు ఆగలేదు.

ఇప్పుడు కొన్ని దేశాలలో చేపలు పట్టేవారు తమ చిన్న అల్యూమినియం పడవలనే ఇలా మార్చుకుంటున్నారు. అల్యూమినియం బరువు ఇనుము బరువులో సుమారు మూడో వంతే కనుక, పడవ తేలికగా ఉండి నీటి పైకి లేచి పరుగెత్తుతుంది. పడవ వెనక తగిలించే ఇంజనుకు కింద పంకా ఉన్న భాగాన్ని విప్పి, ఆ స్థానంలో పంపు బిగిస్తారు. పంపు నోరు పడవ అడుగు మట్టానికి వచ్చేలా ఇంజనును పైకి లేపాలి. నోటికి ఎదురుగా పడవ అడుగు నున్నగా ఉండాలి. అక్కడ గట్లు ఉంటే గాలి బుడగలు పంపులోకి పోతాయి, నెట్టే బలం తగ్గుతుంది. వెనక్కు పోవాలంటే నీరు చిమ్మే మూతికి ఒక తలుపు అడ్డం దించాలి. అప్పుడు నీరు ముందుకు మళ్ళుతుంది, పడవ వెనక్కు నడుస్తుంది.

లాభంతోపాటు నష్టమూ తెలుసుకోవాలి. ఇలా పంపు బిగిస్తే ఇంజను శక్తిలో సుమారు మూడు పదుల వంతు, అంటే నూటికి 30 పాళ్ళు తగ్గుతుంది. 40 గుర్రాల ఇంజను 28 గుర్రాల దానిలా పని చేస్తుంది. ఇంకొకటి: నీరు చిమ్ముతున్నప్పుడే పడవ చెప్పిన వైపు తిరుగుతుంది. భయపడి ఇంజను తగ్గిస్తే తిప్పే బలమూ పోతుంది. పరుగులో ఉన్నప్పుడు కొద్ది అంగుళాల నీరు చాలు గాని, ఆగితే బరువుకు తగినట్టు కిందికి దిగుతుంది.

అన్నిటికంటె పెద్ద చిక్కు మన కాలువలలోనే ఉంది. అదే గుర్రపుడెక్క. ఆయిలింజను ఫుట్‌వాల్వుకు చెత్త అడ్డం పడితే నీరు తగ్గుతుంది కదా? పంపు నోటికి ఉన్న కమ్మీల జల్లెడ మీద గుర్రపుడెక్క పేరుకుంటే పడవకూ అంతే. కమ్మీలు దాటిన ఇసుక పంపు లోపలి రెక్కలను అరగదీస్తుంది. గులకరాళ్ళ నదిలో గెలిచిన యంత్రం గుర్రపుడెక్క కాలువలో ఓడిపోవచ్చు.

అందుచేత పడవను మార్చదలచినవారు ముందు తమ నీటిని చూడాలి. లోతెంత? అడుగున ఇసుకా, రాయా? పైన తేలేది ఏమిటి? వేసవి పాయలో, మనుషులు ఈదే రేవు దగ్గర నీరు చిమ్మే పడవ మేలు. నాచు, డెక్క నిండిన చోట దాని జల్లెడను మాటిమాటికి శుభ్రం చేయవలసి ఉంటుంది. లోతైన నదిలో బరువు మోయటానికి పంకాయే మేలు.

ఇంజను ఏదయినా సరే, పడవలో ఒక గడ, రెండు తెడ్లు, ఎక్కిన ప్రతివారికీ ఒక తేలే చొక్కా ఉండి తీరాలి. వరద నీటి నడుమ యంత్రం ఆగిపోతే, పంపు నోటిలోని డెక్కను లాగివేసేదాకా పడవను నిలిపి ఉంచేది తాతల నాటి ఆ గడే.