వై నొక్కే ముందు

మాది చోడవరం. 2022లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాం గానీ, ఎవరైనా ఏ జిల్లా అని అడిగితే ఇప్పటికీ నా నోటికి ముందు విశాఖపట్నమే వస్తుంది. చెరుకు, బెల్లం, గోవాడ షుగర్ ఫ్యాక్టరీ, స్వయంభూ వినాయకుడి గుడి... మా ఊరి గురించి చెప్పమంటే ఇవే చెబుతాం. మా నాన్నకి చిన్న క్రషర్ ఉంది. సీజన్లో చుట్టుపక్కల రైతులు చెరుకు తెచ్చి ఆడించుకుని, బెల్లం వండించుకుని వెళ్తారు. ఎవరివి ఎన్ని దిమ్మలు దిగాయి, ఎవరు ఎంత ఇచ్చారు, కూలీలకి ఎంత బట్వాడా చేశాం... ఈ లెక్కలన్నీ నాన్న నా పాత లాప్‌టాప్‌లో రాసుకుంటాడు.

ఆ లాప్‌టాప్ 2015లో నేను బీటెక్‌లో చేరినప్పుడు కొన్నది. 4 జీబీ ర్యామ్. ఆన్ చేసి, వెళ్లి టీ తాగొచ్చినా ఇంకా తిరుగుతూనే ఉండేది. పైగా విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోతాయన్నారు. విండోస్ 11 వేద్దామంటే అంత పాత ప్రాసెసర్ పనికిరాదు. మరి బాగా నడుస్తున్న మిషన్‌ని చెత్తలో పడెయ్యాలా?

పోయిన దసరాకి ఇంటికొచ్చినప్పుడు ధైర్యం చేసి లినక్స్ మింట్ వేసేశాను. 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల కుర్రాడు సరదాగా మొదలుపెట్టిన లినక్స్ మీద ఇవాళ ప్రపంచంలోని సర్వర్లలో చాలావరకు నడుస్తున్నాయి. మీ చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది కూడా అదే. ఆఫీసులో నేను రోజూ దానితోనే కుస్తీ పడతాను. కానీ ఇంట్లో, నాన్న వాడే మిషన్‌కి వెయ్యాలంటే మాత్రం చెయ్యి వణికింది.

నిజానికి నాన్న నాకంటే తొందరగా అలవాటు పడ్డాడు. ఎక్సెల్ బదులు లిబ్రే ఆఫీస్ పెట్టాను. తెలుగు అక్షరాల కోసం ఒక ప్యాకేజీ ఎక్కిస్తే పోతన, వేమన ఫాంట్లు దిగాయి. పాత ఫైళ్లు అన్నీ తెరుచుకున్నాయి. "ఇదేట్రా, బేగీ లెగుత్తోంది!" అన్నాడు నాన్న. నాకు ఒళ్లు పొంగిపోయింది. ఆ ఊపులో ఒక సలహా కూడా ఇచ్చాను. "ఇంక ఆ చీటీలు దాచడం ఎందుకు నాన్నా, అన్నీ ఇందులో ఎక్కించెయ్." నాన్న కాటా చీటీలన్నీ తీగకి గుచ్చి గోడకి వేలాడదీస్తాడు. నా మాట విని ఆ ఏడాది నుంచి మానేశాడు.

ఇక్కడ ప్యాకేజీల సంగతి కొంచెం చెప్పాలి. విండోస్‌లో అయితే మనకి కావల్సిన సాఫ్ట్‌వేర్ కోసం నెట్‌లో వెతికి, ఎక్కడో ఒకచోట దింపుకుని ఎక్కిస్తాం. లినక్స్‌లో అలా కాదు. నమ్మకమైన కొట్టు ఒకటి ఉంటుంది. డెబియన్, ఉబుంటు, మింట్... ఈ కుటుంబంలో అన్నిటికీ ఆప్ట్ అనే గుమాస్తా ఉంటాడు. మనం పేరు చెబితే చాలు, కొట్టుకి వెళ్లి, సరుకు మీద ముద్ర సరైనదో కాదో చూసి తెస్తాడు. దానికి ఇంకేం కావాలో కూడా తనే చూసుకుంటాడు. బెల్లం వండాలంటే క్రషర్ ఒక్కటే చాలదు కదా! పెనం కావాలి, పొయ్యిలోకి పిప్పి కావాలి, సున్నం కావాలి. ఒకదాని మీద ఒకటి ఆధారం. తీసేసేటప్పుడు కూడా అంతే. పెనం తీసేస్తే దాని మీద ఆధారపడ్డ వంట మొత్తం ఆగిపోతుంది. అందుకే ఆప్ట్ ఏవేవి పోతాయో ముందు జాబితా చూపిస్తాడు. ఆ తర్వాతే "కొనసాగించాలా? వై, ఎన్" అని అడుగుతాడు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే తప్పు చేశాను.

సంక్రాంతికి వచ్చాను. భోగి రోజు రాత్రి, నాన్న లెక్కలు తనంతట తనే కూడేలా చిన్న ప్రోగ్రామ్ రాద్దామని కూర్చున్నాను. అందుకోసం కొత్త పైథాన్ ఎక్కించాను. పాతది ఎందుకు దండగ అనిపించింది. సుడో ఆప్ట్ రిమూవ్ పైథాన్3 అని కొట్టాను. స్క్రీన్ నిండా పేర్లు దిగాయి. అమ్మ అన్నానికి పిలుస్తోంది. వై నొక్కేశాను.

తిని వచ్చేసరికి మెనూ లేదు, ఐకాన్లు లేవు. రీస్టార్ట్ చేస్తే నల్లటి తెర, దాని మీద పేరు, పాస్‌వర్డ్ అడిగే రెండు ముక్కలు. అంతే. మింట్‌లో డెస్క్‌టాప్ సహా బోలెడు పనిముట్లు ఆ పైథాన్ మీదే ఆధారపడి ఉంటాయి. పెనం నేనే లాగేశాను.

దసరాకి ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో తీశాను. ఆ తర్వాత మూడు నెలల లెక్కలు ఇందులో తప్ప ఎక్కడా లేవు. చీటీలు కూడా లేవు. కనుమ మర్నాడు రైతులు లెక్క తేల్చుకోడానికి వస్తారు.

"ఏటయిందిరా?" అన్నాడు నాన్న వెనక నుంచి. చెప్పాను. ఏవేవి పోతాయో ముందే చూపించిందనీ, నేను చదవకుండా ఒప్పుకున్నాననీ కూడా చెప్పాను. నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అయితే నువ్వూ నాలాగే సదవకుండా సంతకం ఎట్టీసేవన్నమాట" అన్నాడు.

నాకు తల తీసేసినట్టయింది. నేను ఇంటర్ చదివేటప్పుడు నాన్న ఒక స్నేహితుడి అప్పుకి హామీ సంతకం పెట్టాడు. కాగితం చదవలేదు. ఆయన చేతులెత్తేస్తే లక్షన్నర మేం కట్టాం. "ఏం రాసుందో చూసుకోవద్దా నాన్నా?" అని అప్పట్లో నేను ఎన్నిసార్లు దెప్పానో! నాన్నది పదో తరగతి. నాది ఇంజనీరింగ్ డిగ్రీ.

ఆ నల్లతెర మీదే పేరు, పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లాను. ఫోల్డర్‌లో ఏమున్నాయో చూపమన్నాను. నాన్న లెక్కల ఫైలు అక్కడే ఉంది! ఆప్ట్ తీసేసేది ప్యాకేజీలనే, మన సొంత ఫైళ్ల జోలికి రాదు. ఆ సంగతి కూడా నాకు తెలుసు, కానీ కళ్లతో చూసేదాకా ఊపిరాడలేదు. ముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. తర్వాత ఫోన్‌ని కేబుల్‌తో కలిపి నెట్ ఇచ్చాను. ఆప్ట్ తను చేసిన ప్రతి పనీ ఒక చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టా తెరిచి, ఏవేవి పోయాయో ఈసారి ఒక్కొక్క పేరూ చదివి, మళ్లీ ఎక్కించాను. తెల్లవారుజామున మూడింటికి డెస్క్‌టాప్ వచ్చింది. నాన్న కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు.

మర్నాడే టైమ్‌షిఫ్ట్ పెట్టాను. సిస్టమ్ పాడైతే నిన్నటి స్థితికి తీసుకెళ్తుంది. లెక్కల ఫైలు మాత్రం వారం వారం పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లాల్సిందే. మీరూ పాత లాప్‌టాప్‌కి లినక్స్ వేద్దామనుకుంటే భయపడకండి, తప్పకుండా వెయ్యండి. ఈ రెండు పనులు మాత్రం మొదటి రోజే చెయ్యండి. తీసేసే జాబితాలో మీరు అడగని పేర్లు కనిపిస్తే ఎన్ నొక్కండి.

మొన్న ఫోన్ చేసి అప్‌డేట్ ఎలా చెయ్యాలో నాన్నకి చెబుతున్నాను. "ఇప్పుడు వై నొక్కు" అన్నాను.

"ఉండ్రా, ఇంకా సదవలేదు" అన్నాడు.

పండగ తర్వాత గోడ మీద తీగ మళ్లీ వచ్చిందని అమ్మ చెప్పింది. ఈసారి నేను ఏ సలహా ఇవ్వలేదు.